ఎవరి ఒంటికి ఏ ఆసనం: సన్నం, లావు కన్నా ముందు కీళ్ళను చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, వయసు 36, బ్యాంకులో కుర్చీ ఉద్యోగం, ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. మీ శ్రీమతికి 33 ఏళ్ళు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఫోన్‌లో ఒక యాప్ కొన్ని ప్రశ్నలు అడిగి మిమ్మల్ని ‘ఎక్టోమార్ఫ్’ అనీ, ఆమెను ‘ఎండోమార్ఫ్’ అనీ తేల్చింది. సన్నటి మనిషికి కండ పట్టాలి కాబట్టి మీకు వేగంగా చేసే సూర్యనమస్కారాలు, లావుపాటి మనిషికి ఒళ్ళు సాగాలి కాబట్టి ఆమెకు రెండేసి నిమిషాలు నిలిపి ఉంచే సాగదీతలు ఇచ్చింది. ఆరు వారాలు గడిచాయి. కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో మీ వేళ్ళు ఇప్పటికీ పిక్కల దగ్గరే ఆగిపోతున్నాయి, పైగా మోకాలి వెనక జివ్వుమంటోంది. ఆమెకు మొదటి రోజునే అరచేతులు పాదాలను దాటిపోయాయి గాని, ఇప్పుడు మోకాళ్ళ వెనక, మోచేతుల్లో నొప్పి మొదలైంది. శరీరం రకాన్ని బట్టి ఆసనాలు ఎంచుకోవడం సరైనదేనా, కాకపోతే దేన్ని బట్టి ఎంచుకోవాలి అని అడిగారు.

సన్నం, కండ, లావు అన్న ఆ మూడు రకాలను పట్టుకుని ఆసనాలు ఎంచుకోవద్దు. మీ కీళ్ళలో ఏది ఎంతవరకు కదులుతోంది, ఆగిన చోట దేనివల్ల ఆగుతోంది, రోజంతా మీరు చేసే పని ఆ కీళ్ళను ఏ భంగిమలో ఉంచుతోంది అన్న మూడు విషయాలను చూసి ఎంచుకోండి. బిగుసుకున్న చోట సాగదీత కావాలి, వదులుగా ఉన్న చోట బలం కావాలి. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే నిదానమైన సాగదీత అవసరం మీది, బలం అవసరం మీ శ్రీమతిది. యాప్ సరిగ్గా తలకిందులుగా ఇచ్చింది.

నేను విజయవాడ మొగల్రాజపురంలో ఇరవై రెండేళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, తెల్లవారుజామున యోగా కూడా నేర్పుతున్నాను. ఉదయం ఆసనాలు వేయించిన చేతులతోనే సాయంత్రం ఆసనాల వల్ల నొప్పి తెచ్చుకున్నవారిని చూడవలసి రావడం వల్ల, ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

ఎక్టోమార్ఫ్, మీసోమార్ఫ్, ఎండోమార్ఫ్ అన్న విభజన 1940లో విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించినది. వేలాది కళాశాల విద్యార్థుల ఫొటోలు చూసి, పిండంలో మొదట ఏర్పడే మూడు పొరల పేర్లతో ఆయన మనుషులను వర్గీకరించారు. ఒంటి ఆకారాన్ని బట్టి మనిషి స్వభావం చెప్పవచ్చునన్నది ఆయన వాదన, ఆ వాదనను తరువాతి శాస్త్రవేత్తలు తిరస్కరించారు. ఆ వర్గీకరణలో కీళ్ళ కదలికను ఎవరూ కొలవలేదు. ఒంటిమీద కొవ్వు, కండ ఎంత ఉన్నాయో అది కొంతవరకు చెప్పగలదు గాని, తుంటి కీలు గిన్నె ఎంత లోతుగా ఉందో, లిగమెంట్లు, అంటే కీలును పట్టి ఉంచే కట్లు, ఎంత వదులుగా ఉన్నాయో చెప్పలేదు. ఆసనానికి కావలసింది ఆ రెండో సమాచారమే. బక్కపలచని మనిషి కర్రలా బిగుసుకుపోయి ఉండటం, బొద్దుగా ఉన్న మనిషి రబ్బరులా వంగటం నేను వారానికి ఒక్కసారైనా చూస్తాను. మీ ఇల్లే దానికి ఉదాహరణ.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏ ఆసనంలోనైనా మీరు ఒక చోట ఆగిపోతారు. ఆగిన చోట ఏం తెలుస్తోందో గుర్తుపట్టడం నేర్చుకుంటే, ఎంపికలో సగం పని అయిపోయినట్టే. నా తరగతిలో కొత్తవారికి మొదటి వారం నేను ఇదొక్కటే నేర్పుతాను.

మొదటిది లాగుడు. కీలు ముందుకు మడుస్తుంటే వెనక వైపు, పక్కకు తెరుస్తుంటే లోపలి వైపు, కండరం మధ్యలో విశాలంగా, మొద్దుగా తెలిసే బిగువు ఇది. ఊపిరి నాలుగైదు సార్లు నిదానంగా వదిలేసరికి కాస్త సడలుతుంది. ఇది కండరం బిగువు కాబట్టి సాగదీతతో మారుతుంది.

రెండోది ఒత్తుడు. ఇది మడిచిన వైపునే వస్తుంది. గొంతుక్కూర్చున్నప్పుడు గజ్జల్లో ముందు వైపున ఏదో నొక్కుకుపోయినట్టు, తలుపు సందులో వేలు ఇరుక్కున్నట్టు అనిపిస్తే, అక్కడ తొడ ఎముక మెడ భాగం తుంటి గిన్నె అంచుకు తగులుతోందని అనుమానించాలి. ఎముకకు ఎముక తగిలే చోట ఎన్నేళ్ళు సాగదీసినా ఒక్క అంగుళం కూడా రాదు, రాసుకుపోయి కీలు పాడవుతుంది. పాదాలు ఇంకాస్త ఎడంగా పెట్టి, వేళ్ళు బయటికి తిప్పితే ఆ ఒత్తుడు పోతుందేమో చూడాలి. పోతే అదే మీ ఒంటికి సరిపడే భంగిమ. పోకపోతే ఆ ఆసనాన్ని అంతవరకే చేయాలి.

మూడోది జివ్వుమనడం, తిమ్మిరి, సన్నటి తీగ లాగినట్టు మోకాలి వెనక నుంచి పాదం దాకా పాకడం. అది నరం. మీరు రాసిన జివ్వుమనడం ఇదే కావచ్చు. తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. కాళ్ళు చాపి కూర్చుని, ఆ బాధ మొదలయ్యే దాకా ముందుకు వంగండి. నడుము, కాళ్ళు కదపకుండా తల మాత్రం పైకెత్తండి. కాలి వెనక లాగుడు వెంటనే తగ్గితే అది కండరానిది కాదు, నరానిది, ఎందుకంటే తొడ కండరానికీ తలకీ సంబంధం లేదు, తల నుంచి దిగే వెన్నుపాముకూ కాలి నరానికీ మాత్రం ఉంది. నరాన్ని లాగి పట్టి ఉంచకూడదు. మోకాళ్ళు కొంచెం మడిచి, ఆ జివ్వుమనే చోటుకు ఇవతలే ఆగాలి. నడుము నొప్పి కూడా ఉండి, తిమ్మిరి పాదం దాకా వస్తుంటే మాత్రం ఆసనాలు ఆపి ముందు డాక్టరుకు చూపించుకోండి.

ఈ తేడాను నేను ఒకరి నొప్పి వల్ల నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం మీలాగే బ్యాంకు ఉద్యోగి ఒకాయన నా తరగతికి వచ్చేవారు. పశ్చిమోత్తానాసనంలో ఆయన వంగలేకపోతుంటే, వెనక నిలబడి నా రెండు అరచేతులతో నడుము మీద ఒత్తాను. పిరుదు అడుగున, కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముక దగ్గర సూది గుచ్చినట్టయిందని ఆయన చెప్పారు. అది బిగువే అనుకుని, మరుసటి రోజు నుంచి ఇంకా ఎక్కువసేపు సాగదీయించాను. నెల తిరిగేసరికి ఆయన స్కూటరు సీటు మీద తువ్వాలు మడిచి ఒక పిరుదు కింద పెట్టుకుని, ఒక పక్కకు ఒరిగి నడపవలసి వచ్చింది. తొడ వెనక కండరం ఎముకకు అతుక్కునే టెండాన్ దెబ్బతింటే, దాన్ని సాగదీసే కొద్దీ ఎముకకు ఒరుసుకుని ఇంకా పాడవుతుంది, దానికి కావలసింది మెల్లమెల్లగా పెంచే బలం. పూర్తిగా తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తరువాత నేను ఎవరి వీపు మీదా చేయి వేసి ఒత్తలేదు. మీరు ఎక్కడ నేర్చుకున్నా, ఎంత పేరున్న గురువైనా, వంగిన వీపు మీద ఒత్తడానికి వస్తే వద్దని చెప్పే హక్కు మీకుంది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు కొన్ని చెబుతాను. కొలతలు కాగితం మీద రాసుకోండి, కుడి ఎడమలు విడివిడిగా రాయండి.

వెల్లకిలా పడుకుని, ఒక కాలు నేలమీదే ఉంచి, రెండో కాలును మోకాలు మడవకుండా పైకెత్తండి. 70 డిగ్రీలు కూడా రాకుండా తొడ వెనక లాగుడుతో ఆగిపోతే, అది నిజమైన బిగువు. 80, 90 డిగ్రీలు సులువుగా వచ్చి కూడా కూర్చున్నప్పుడు పాదాలు అందకపోతే, లోపం తొడలో లేదు, నడుములోనో చేతుల పొడవులోనో ఉంది. ఈ చేతుల పొడవు విషయాన్ని అందరూ మరచిపోతారు. పొడవాటి కాళ్ళు, పొట్టి చేతులు ఉన్నవారు ఎంత వంగినా వేళ్ళు పాదాలను తాకకపోవచ్చు. అది వారి నిర్మాణం. వారికి పాదాల చుట్టూ వేసుకునే చున్నీ ఒకటి చాలు.

గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేలను వదలకుండా మోకాలును గోడకు తాకించండి. కాలి బొటనవేలు గోడకు నాలుగు అంగుళాల దూరంలో ఉన్నా మోకాలు తాకితే చీలమండ బాగానే ఉంది. రెండు అంగుళాలకే మడమ లేస్తే, గొంతుక్కూర్చునే మలాసనంలో మీరు వెనక్కి పడిపోయేది అందుకే. మడమల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని చేయండి. మా అమ్మమ్మల తరం బియ్యం ఏరుతూ, కల్లాపి చల్లి ముగ్గులు వేస్తూ రోజుకు ఎన్నోసార్లు గొంతుక్కూర్చునేది. కుర్చీలు, కమోడ్లు వచ్చాక ముప్ఫై ఏళ్ళవారికి కూడా చీలమండలు బిగుసుకుపోతున్నాయి.

మూడో పరీక్ష వదులుతనానికి, ఇది మీ శ్రీమతి తప్పక చేసుకోవాలి. బైటన్ స్కోరు అని మేము వాడే తొమ్మిది మార్కుల పరీక్ష ఇది. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగడం, బొటనవేలు ముంజేతికి తాకడం, చేయి చాపితే మోచేయి 10 డిగ్రీలకు మించి వెనక్కి వంగడం, నిలబడితే మోకాలు అదే విధంగా వెనక్కి పోవడం, వీటిలో ప్రతిదానికీ కుడికి ఒకటి, ఎడమకు ఒకటి మార్కు. మోకాళ్ళు మడవకుండా రెండు అరచేతులూ నేలకు పూర్తిగా ఆనితే మరొకటి. పెద్దవారిలో అయిదు లేదా అంతకు మించి వస్తే లిగమెంట్లు సహజంగా వదులుగా ఉన్నాయని అర్థం. ఇలాంటివారికి ఆసనాలు మొదటి రోజునే అందంగా వస్తాయి, చుట్టుపక్కలవారు మెచ్చుకుంటారు, దానితో ఇంకా లోతుకు వెళతారు. అక్కడ సాగుతున్నది కండరం కాదు, కీలును పట్టి ఉంచే కట్లు. మీ శ్రీమతికి మోచేతుల్లో, మోకాళ్ళ వెనక నొప్పి రావడానికి కారణం ఇదేనని నా అనుమానం. మార్కులు చూశాక చెప్పవచ్చు.

కూచిపూడి నేర్చుకునే పదహారేళ్ళ అమ్మాయిని రెండేళ్ళ క్రితం వాళ్ళ అమ్మ తీసుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆమెకు తొమ్మిదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. నిటారుగా నిలబడమంటే రెండు మోకాళ్ళూ విల్లులా వెనక్కి వంగి, బరువంతా ఆ కీళ్ళ వెనక కట్ల మీద వేలాడేది, తొడ కండరం మీద చేయి పెడితే మెత్తగా, పని లేకుండా ఉండేది. ఇంట్లో యోగా వీడియోలు చూసి రోజూ గంటసేపు సాగదీతలు చేసేదట. వాటిని పూర్తిగా మాన్పించాను. కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు మడిచి నిలబడే ఉత్కటాసనం, గోడకు ఆనుకుని కూర్చున్నట్టు నిలబడటం, ఒంటికాలి మీద వృక్షాసనం, అదీ మోకాలు వెంట్రుకవాసి మడిచి. నాలుగు నెలలు ఇవే చేయించాను. నాట్యంలో మోకాళ్ళు పక్కలకు మడిచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండిలో ఆమె మోకాళ్ళు లోపలికి పడిపోయి, పాదాలు మాత్రం బయటికి తిరిగి ఉండేవి. తుంటి ఎంత తిరుగుతుందో అంతే పాదాలు తిప్పమని, మోకాలు కాలి వేళ్ళ దిశలోనే ఉండాలని చెప్పి సరిచేశాం. పద్మాసనంలోనూ ఇదే సూత్రం. తుంటి తిరగనివారు పాదాన్ని చేత్తో లాగి తొడ మీదికి ఎక్కిస్తే, ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు మడిచి చాచేందుకు ఏర్పడిన కీలు, మెలిక దానికి పడదు. మోకాలి లోపలి వైపు చురుక్కుమంటే పద్మాసనం వదిలి బాసింపట్టు వేసుకుని కూర్చోండి, ధ్యానానికి ఏ లోటూ రాదు.

ఇప్పుడు మీ ఇద్దరికీ ఏం చేయమంటానో చెబుతాను.

మీ విషయంలో, నిద్ర లేవగానే ముందుకు వంగే ఆసనాలు వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నెముక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉదయం మన ఎత్తు కూడా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. ఆ సమయంలో బలంగా వంగితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ. లేచిన గంట తరువాతగాని, సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాకగాని చేయండి. ముందు అయిదు నిమిషాలు నడక, మార్జాలాసనం, చేతులు తిప్పడం లాంటి కదలికలతో ఒళ్ళు వెచ్చబడనివ్వండి. ఆ తరువాత వెల్లకిలా పడుకుని, పాదానికి చున్నీ వేసి కాలు పైకెత్తే సుప్త పాదాంగుష్ఠాసనం. లాగుడు మొదలైన చోట ఆగి, మడమతో చున్నీని అయిదారు సెకన్లు మెల్లగా కిందికి తోయండి, వదిలేయండి, ఊపిరి వదులుతూ కాలును మరికాస్త దగ్గరకు తెచ్చుకోండి. ఇలా మూడు సార్లు. కూర్చుని ముందుకు వంగడం కన్నా ఇది మీకు మేలు, ఎందుకంటే నడుము నేలకు ఆని ఉంటుంది, లాగుడు తొడకే పరిమితమవుతుంది.

రోజంతా కుర్చీలో ఉండేవారికి తుంటి ముందు భాగం కూడా బిగుసుకుంటుంది, దాన్ని ఒక మోకాలు నేలకు ఆనించి రెండో కాలు ముందుకు వేసే ఆంజనేయాసనం తెరుస్తుంది, మోకాలి కింద దుప్పటి మడిచి పెట్టుకోండి. పశ్చిమోత్తానాసనం మానక్కర్లేదు. నాలుగు మడతల దుప్పటి మీద పిరుదులు మాత్రమే ఆనేలా కూర్చుని, మోకాళ్ళు కొద్దిగా మడిచి, వీపు గుండ్రంగా కాకుండా పొట్ట తొడల వైపు వెళ్ళేలా వంగండి. వేళ్ళు ఎక్కడిదాకా వచ్చాయన్న లెక్క వదిలేయండి. ఒక్కో సాగదీత 30 సెకన్లు, రెండు నుంచి నాలుగు సార్లు, వారంలో కనీసం మూడు రోజులు. అంతకన్నా బలంగా లాగడం వల్ల త్వరగా రాదు. మొదటి కొన్ని వారాల్లో పెరిగే కదలికలో చాలా భాగం కండరం పొడవు పెరగడం వల్ల కాదు, ఆ లాగుడును మెదడు ప్రమాదంగా చూడటం తగ్గించుకోవడం వల్ల వస్తుంది. భయపెట్టేంతగా లాగితే మెదడు ఆ కండరాన్ని మరింత బిగిస్తుంది. కుదుపుతో చేసే వేగపు సూర్యనమస్కారాలు మీకు ఆరు వారాలైనా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

కండ పట్టాలన్న మీ కోరిక తప్పేమీ కాదు. సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం), శలభాసనం (బోర్లా పడుకుని కాళ్ళు ఎత్తడం), ఉత్కటాసనం, వీలైతే కొంత బరువులు ఎత్తడం కూడా కలపండి. కీలు పూర్తి పరిధిలో కదిలేలా చేసే బలం వ్యాయామాలు కూడా సాగదీతతో సమానంగానే కదలికను పెంచుతాయి. సూర్యనమస్కారాలు కావాలంటే ఉంచుకోండి, ఒక్కో భంగిమలో రెండు శ్వాసలు ఆగుతూ, వంగినప్పుడు మోకాళ్ళు మడిచి, నిదానంగా ఆరు చాలు.

మీ శ్రీమతి విషయంలో ముందుగా ఆ రెండు నిమిషాల సాగదీతలు ఆపేయమనండి. వదులుగా ఉన్నవారు ఏ ఆసనంలోనైనా తమకు వచ్చే చివరి హద్దుకు ఇవతలే ఆగి, అక్కడ కండరాలను బిగించి నిలబడాలి. చేతుల మీద బరువు వేసినప్పుడు మోచేయి పూర్తిగా చాచి తాళం వేసినట్టు ఉంచకూడదు, కొద్దిగా మడిచి ఉంచాలి. ఒళ్ళు పలకలా నిటారుగా ఉంచి చేతుల మీద నిలిచే ఫలకాసనం మొదట గోడకు చేతులు పెట్టి, తరువాత మోకాళ్ళ మీద, ఆ తరువాతే పూర్తిగా. వీరభద్రాసనం, ఉత్కటాసనం, సేతుబంధాసనం 20 నుంచి 30 సెకన్లు నిలపడం ఆమెకు మంచివి. మొదట్లో ఇవి ఆమెకు కష్టంగా, నిరాశగా అనిపిస్తాయి, ఎందుకంటే ఇన్నాళ్ళూ తేలికగా వచ్చినవే చేసింది.

బరువు గురించి కూడా ఆమె మనసు నొచ్చుకోకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పొట్ట, ఛాతీ అడ్డు వచ్చే ఆసనాలు ఆమెకు ‘రాని’ ఆసనాలు కావు. కాళ్ళు ఎడంగా పెడితే పొట్టకు చోటు దొరుకుతుంది. బాలాసనంలో మోకాళ్ళు ఎడం చేయాలి, వజ్రాసనంలో పిరుదులకూ మడమలకూ మధ్య దిండు పెట్టాలి, మెలిక తిరిగే ఆసనాల్లో మోచేతిని మోకాలి అవతలికి బలవంతంగా తోయకుండా మోకాలును కౌగిలించుకుంటే చాలు. మన దేశస్థులకు ఆడవారిలో నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవారిలో 90 దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆ కొలత చూసుకోండి. అయితే నిదానమైన ఆసనాలతో ఖర్చయ్యే శక్తి వేగపు నడక కన్నా తక్కువ. బరువు తగ్గాలంటే వారానికి 150 నిమిషాల వేగపు నడక, రెండు రోజుల బలం వ్యాయామం అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకు తోడు తిండి మీద శ్రద్ధ కావాలి. నాలుగు ఆసనాలతో కొవ్వు కరుగుతుందని చెప్పే ఏ ప్రణాళికనూ నమ్మవద్దు.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ ఒకాయన భుజం నొప్పితో వచ్చినప్పుడు, ఒళ్ళంతా కండలే. యాప్ అడిగితే మీసోమార్ఫ్ అని చెప్పేది, బలమైన ఆసనాలన్నీ ఇచ్చేది. గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తమంటే, బొటనవేళ్ళు గోడకు జానెడు ముందే ఆగిపోయాయి, ఇంకా ఎత్తబోతే నడుము విల్లులా లేచింది. మోత పని ఆయనకు బలాన్ని ఇప్పటికే ఇచ్చింది, వీపు పైభాగాన్ని బిగించేసింది. ఆయనకు దండెంలా చేతుల మీద కిందికి దిగే చతురంగ దండాసనం ఒక్కటీ చెప్పలేదు. వీపు కింద చుట్టిన దుప్పటి అడ్డంగా పెట్టుకుని అయిదు నిమిషాలు పడుకోవడం, గోముఖాసనంలో చేతుల మధ్య తువ్వాలు పట్టుకోవడం, గోడకు చేతులానించి ఛాతీ వాల్చడం, ఇవే. మనిషి రోజంతా ఏం చేస్తాడో అడగకుండా ఆసనం చెప్పకూడదని నేననేది ఇందుకే.

వాత, పిత్త, కఫ ప్రకృతుల ప్రకారం ఎంచుకోవచ్చా అని కూడా చివర్లో అడిగారు. ప్రకృతి నిర్ణయం ఆయుర్వేద వైద్యుల పని, నేను చెప్పను. కాని వాగ్భటుడు అష్టాంగహృదయంలో వ్యాయామం గురించి చెప్పిన ఒక నియమాన్ని మాత్రం నేను నా తరగతిలో రోజూ పాటిస్తాను. బలవంతులైనా సరే చలికాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం మేరకే చేయాలని, మిగతా కాలాల్లో ఇంకా తక్కువ చేయాలని ఆయన అన్నారు. మే నెలలో మన విజయవాడ, గుంటూరు ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు ఆ మాట విలువ తెలుస్తుంది. వేడికి కండరాలు సులువుగా సాగుతాయి, ఎక్కువ వంగగలుగుతున్నామన్న భ్రమ కలుగుతుంది, చెమటతో నీరు, ఉప్పు పోయి పిక్కలు పట్టేస్తాయి. వేసవిలో ఉదయం ఆరున్నరలోపు ముగించండి, సగమే చేయండి.

కొన్ని ఆసనాలు ఆకారంతో సంబంధం లేకుండా కొందరికి పనికిరావు. అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గ్లాకోమా (నీటికాసులు అనే కంటి జబ్బు) ఉన్నవారు శీర్షాసనం, సర్వాంగాసనం వేయకూడదు, శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది. ఎముకలు గుల్లబారినవారు, ముఖ్యంగా ముట్లు ఆగిన ఆడవారు, వీపు గుండ్రంగా చేసి ముందుకు వంగే ఆసనాలు మానాలి, వెన్నుపూస ముందు భాగం నలిగే ప్రమాదం ఉంది. వారికి భుజంగాసనం, శలభాసనం మేలు. గర్భిణులకు కీళ్ళ కట్లు సహజంగానే వదులవుతాయి కాబట్టి లోతైన సాగదీతలు వద్దు. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు ఒంటికాలి ఆసనాలు గోడ పక్కనే చేయాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జరిపిన యోగాంధ్ర శిక్షణల తరువాత మన ఊళ్ళలో ఎందరో పెద్దవాళ్ళు కొత్తగా చాప పరిచారు, నాకు చాలా సంతోషం. మీ ఇంట్లో అమ్మానాన్నలు మొదలుపెట్టి ఉంటే ఈ పేరా వారికి చదివి వినిపించండి.

మీరు కాలు ఎత్తే పరీక్షలో కుడి ఎడమల డిగ్రీలు, గోడ పరీక్షలో అంగుళాలు, తల ఎత్తినప్పుడు జివ్వుమనడం తగ్గిందో లేదో, మీ శ్రీమతికి తొమ్మిదికి ఎన్ని మార్కులు వచ్చాయో రాసి పంపండి. ఆమె మోచేతుల నొప్పి తగ్గేదాకా చేతుల మీద బరువు పడే ఆసనాలు గోడకే చేయమనండి. మూడు వారాల్లో తగ్గకపోతే గుంటూరులోనే ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి.